ఒక్క మిఠాయి బిళ్ల, ఆరు ముక్కలు

పాఠకుల ప్రశ్నలు: చరిత్ర, పుస్తకాలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం గురించి నేను బాగానే చదివాను. యుద్ధరంగాలు, ఒప్పందాలు, న్యూరెంబర్గ్ విచారణ, అన్నీ ఆసక్తిగా చదువుతాను. కానీ నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ యూదులు రాసుకున్న పుస్తకాలు రెండు చదివి ఆపేశాను. రైలు పెట్టె, ముళ్లకంచె, ఆకలి, చలి. రెండో పుస్తకానికే అంతా ముందే తెలిసినట్టు అనిపించింది. అరవై లక్షల మందిని చంపారని తెలిశాక ఒక్కొక్కరి కథా చదివితే కొత్తగా తెలిసేదేమిటి? తప్పుగా అనుకోకండి, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.
(ఒక రిటైర్డ్ ఇంజినీరు)

జవాబు: తప్పుగా అనుకోవడానికి ఇందులో ఏమీ లేదండీ. చాలామంది మనసులో ఉండి పైకి అనలేని మాట మీరు అన్నారు.

ముందు ఒక్క రోజు సంగతి చెప్తాను. 1942 ఆగస్టు 16. పోలండ్‌లో వార్సా ఘెట్టో, అంటే యూదులను బలవంతంగా ఉంచిన పేట, దాని అంచున, జనాన్ని రైళ్లలోకి ఎక్కించే ఆవరణ. వ్లాదిస్లావ్ ష్పిల్‌మన్ అనే పియానో కళాకారుడు, ఆయన అమ్మానాన్నలు, తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్లు, మొత్తం ఆరుగురు ఆ గుంపులో కూర్చుని ఉన్నారు. ఒక కుర్రాడు మెడలో తాడుతో పెట్టె తగిలించుకుని మిఠాయిలు అమ్ముకుంటూ వచ్చాడు. అందరి దగ్గరున్న చిల్లర పోగేస్తే ఒకే ఒక్క కారమెల్ బిళ్ల వచ్చింది. నాన్న జేబులోంచి చిన్న చాకు తీసి దాన్ని ఆరు ముక్కలు కోసి పంచాడు. ఆ కుటుంబం కలిసి తిన్న ఆఖరి తిండి అదే. కాసేపటికి రైలు దగ్గర ఒక చెయ్యి ష్పిల్‌మన్ కాలరు పట్టుకుని వెనక్కి లాగి పడేసింది. మిగిలిన ఐదుగురూ ట్రెబ్లింకా అనే చంపే క్యాంపుకు వెళ్లిపోయారు.

ఆ రోజు ఎన్ని పెట్టెలు కదిలాయో, ఎంతమంది ఎక్కారో కాగితాల్లో వెతకవచ్చు. కారమెల్ బిళ్ల ఏ కాగితంలోనూ దొరకదు. ఆ నాన్న అందరికీ సమానంగా రావాలని చాకు ఎంత జాగ్రత్తగా పట్టుకుని ఉంటాడో కూడా దొరకదు. ష్పిల్‌మన్ బతికి 1946లో ఆ పుస్తకం అచ్చు వేయించాడు కాబట్టి ఆ మనిషి మనకు ఇంకా కనిపిస్తున్నాడు.

నేను ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. ఈ విషయానికి సిలబస్‌లో దొరికేది ఒక్క పీరియడు. బోర్డు మీద ‘60 లక్షలు’ అని రాసి కింద గీత గీసేదాన్ని. పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవారు. పరీక్షలో అది ఒక్క మార్కు ప్రశ్న. ఇన్నేళ్లలో ఏ పిల్లవాడి ముఖంలోనూ ఆ అంకె చూసి ఏ మార్పూ రాలేదు. ఆ తప్పు పిల్లలది కాదు. ఒక ఏడాది పాఠం పక్కన పెట్టి ఈ కారమెల్ బిళ్ల సంగతి చదివి వినిపించాను. చివరి బెంచీలో ఎప్పుడూ గోల చేసే అబ్బాయి ఒక్కటే అడిగాడు: “తమ్ముడి పేరేంటి మేడమ్?” హెన్రిక్ అని చెప్పాను. ఆ అబ్బాయి ఆ పేరు నోట్సులో రాసుకున్నాడు.

ఇక, అన్నీ ఒకేలా ఉన్నాయన్నారు. చేసినవాళ్లు అందరికీ ఒకేలా చేశారు కదండీ. గుండు గీశారు, బట్టలు లాక్కున్నారు, ఆష్విట్జ్‌లో చేతి మీద నంబరు పొడిచారు. మనిషికీ మనిషికీ తేడా లేకుండా చేయడమే వాళ్ల పని. కానీ రాసినవాళ్లు ఒకేలా ఉండరు. మీరు ఇంజినీరు కాబట్టి ప్రిమో లేవిని తీయమంటాను. ఆయన ఇటలీలోని ట్యూరిన్‌కు చెందిన కెమిస్టు. 1944 ఫిబ్రవరిలో 650 మందితో పాటు ఆష్విట్జ్‌కు తరలించారు. ఆయన నంబరు 174517. ఆయన ఏడుస్తూ రాయడు. ల్యాబ్‌లో పదార్థాన్ని పరీక్షించినట్టు రాస్తాడు.

ఆయన చెప్పిన చెంచా సంగతి చూడండి. క్యాంపులోకి కొత్తగా వచ్చినవాళ్లకు చెంచా ఇచ్చేవారు కాదు. సూప్‌ను గిన్నెలో మూతి పెట్టి, కుక్క తాగినట్టు తాగాలి. చెంచా కావాలంటే తినే రొట్టెలోంచి వదులుకుని లోపలి చాటుమాటు బజారులో కొనుక్కోవాలి. చెంచాలు లేక ఇవ్వలేదేమో అనుకుంటాం. క్యాంపు విముక్తి అయ్యాక గోదాము తెరిస్తే కొత్త ప్లాస్టిక్ చెంచాలు వేలకొద్దీ ఉన్నాయి. జనం సామాన్లలోంచి లాక్కున్న అల్యూమినియం, స్టీలు, వెండి చెంచాలు పదివేల లెక్కన ఉన్నాయి. అంటే ఇవ్వకపోవడం పొదుపు కోసం కాదు. మనిషి తనను తాను మనిషిననుకోవడం మానేయాలి, అందుకే. ఆ క్యాంపులు ఎలా నడిచేవో నాకు నిజంగా అర్థమైంది ఆ చెంచాల దగ్గరే. అంతకుముందు నేను చదివిన లావుపాటి పుస్తకాలేవీ ఆ పని చేయలేదు.

అదే విక్టర్ క్లెంపెరర్‌ను తీసుకోండి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ప్రొఫెసరు, భాషలు ఆయన ప్రాణం. ఆయన భార్య యూదు కాదు, అందువల్ల ఆయన్ను చివరిదాకా క్యాంపుకు పంపలేదు. రోజూ రహస్యంగా డైరీ రాశాడు. 1942 జూన్‌లో ఒకరోజు కూర్చుని, అప్పటిదాకా యూదుల మీద పెట్టిన నిషేధాలన్నీ వరసగా రాసుకున్నాడు. 31 లెక్క తేలాయి. రేడియో, టెలిఫోను వద్దు. సినిమా వద్దు. పత్రికలు కొనకూడదు. పూలు కొనకూడదు. మంగలి దగ్గరికి వెళ్లకూడదు. టైప్‌రైటరు, సైకిలు అప్పగించాలి. కుక్క, పిల్లి, పిట్ట, ఏదీ ఇంట్లో ఉండకూడదు. ఈ చివరి నిషేధం వల్ల ఆ దంపతులు తాము పెంచుకున్న పిల్లిని, మూషెల్ దాని పేరు, చంపించాల్సి వచ్చింది. గ్యాస్ గదుల కంటే ముందు ఏళ్ల తరబడి నడిచింది ఇదీ. ఒక్కో ఉత్తర్వూ చిన్నదే. పూలు కొనొద్దంటే ఎవరు వీధిలోకి వచ్చి అడుగుతారు?

మీరు చదివిన ఆ రెండు పుస్తకాలూ క్యాంపు గేటు దగ్గర మొదలయ్యాయేమో. పిల్లి దగ్గర మొదలయ్యేవి కూడా చదవండి.

ఇంకొక్కటి చెప్పి ఈ జవాబు ఆపుతాను. పోలండ్‌లో బెల్జెక్ అని ఒక చిన్న ఊరుంది. 1942లో అక్కడ ఒక క్యాంపు పెట్టారు. దాని పని చంపడమే. ఆ తర్వాత శవాలు తవ్వి తీసి కాల్చేశారు, కట్టడాలు కూల్చేశారు, చెట్లు నాటారు. యుద్ధం అయిపోయాక చాలా ఏళ్లకు బ్రిటన్ ఆర్కైవ్స్‌లో నాజీల టెలిగ్రాం ఒకటి బయటపడింది. యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్లు చాటుగా విని రాసిపెట్టుకున్నది. అందులో క్యాంపుల పేర్లు కూడా పూర్తిగా లేవు, ఒక్కో అక్షరమే. ‘బి’ అని ఉండి, పక్కన 434508 అని ఉంది. 1942 చివరి వరకు బెల్జెక్ లెక్క అది.

ఆ క్యాంపు నుంచి బతికి బయటపడి పుస్తకం రాసినవాడు ఒకే ఒక్కడు, రుడాల్ఫ్ రేడర్. ల్వూఫ్ నగరంలో సబ్బుల తయారీ చేసుకునేవాడు. వయసు అరవై దాటింది. ఆగస్టులో తీసుకెళ్లారు. గోతులు తవ్వించారు. నవంబరు చివర్లో రేకులు తేవడానికి కాపలాతో ల్వూఫ్‌కు పంపితే, కాపలావాడు నిద్రపోయినప్పుడు తప్పించుకున్నాడు. తమ ఇంట్లో ఒకప్పుడు పనిచేసిన ఆవిడ దాచింది. 1946లో చిన్న పుస్తకం వేశాడు. గ్యాస్ గది తలుపులు మూసేశాక లోపలి నుంచి ఒక పసివాడు, అమ్మా, నేను బుద్ధిగానే ఉన్నాను కదా, చీకటిగా ఉంది అని ఏడవడం తాను విన్నానని అందులో రాశాడు.

434508 అనే అంకెలో ఆ పిల్లవాడు కూడా ఉన్నాడు. అంకె మనకు చంపినవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. ఏడుపు రేడర్ దగ్గర్నుంచి వచ్చింది. ఆయన ఆ రోజు తప్పించుకోకపోయి ఉంటే మన దగ్గర ‘బి’ అనే అక్షరమే మిగిలేది. కొత్తగా తెలిసేదేమిటి అని అడిగారు. నా మటుకు నాకు ఇది.

*

ప్రశ్న: మేడమ్, నేను ఎం.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం. జ్ఞాపకం మారిపోతూ ఉంటుందని, బాధితుల జ్ఞాపకాలను ఆధారంగా తీసుకోకూడదని మా క్లాసులో ఒక వాదన నడిచింది. కొన్ని అబద్ధపు పుస్తకాలు కూడా వచ్చాయట కదా. మరి వీటిని ఎంతవరకు నమ్మాలి? నన్ను ‘నువ్వు’ అనే పిలవండి.
(ఒక విద్యార్థిని)

జవాబు: అబద్ధపు పుస్తకాలు వచ్చాయమ్మా, దాచాల్సిన పని లేదు. 1995లో బిన్యమిన్ విల్కోమిర్‌స్కి అనే పేరుతో ఒక పుస్తకం జర్మన్‌లో వచ్చింది. పసితనంలో క్యాంపుల్లో గడిపానని రాశాడు. అవార్డులు కూడా వచ్చాయి. మూడేళ్లకు ఒక స్విస్ జర్నలిస్టు తవ్వి తీస్తే, ఆయన స్విట్జర్లాండ్‌లోనే పుట్టి, అక్కడే దత్తత వెళ్లి పెరిగాడని, అసలు యూదుడే కాదని తేలింది. ప్రచురణకర్త పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. నాకు ఇది మామూలు మోసంలా అనిపించదు. నిజంగా అనుభవించినవాళ్లను కూడా జనం అనుమానంగా చూసేలా చేసింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

కానీ గమనించు, దొంగను పట్టించింది సరిచూసుకునే పద్ధతి. రికార్డులతో పోల్చి చూశారు, దొరికిపోయాడు. అదే పద్ధతిలో చూస్తే వందల పుస్తకాలు నిలబడ్డాయి.

క్రిస్టఫర్ బ్రౌనింగ్ అనే చరిత్రకారుడు చేసిన పని నీకు బాగా ఉపయోగపడుతుంది. పోలండ్‌లోని స్టారాఖోవిట్సెలో ఆయుధాల ఫ్యాక్టరీ కోసం యూదులతో చాకిరీ చేయించిన క్యాంపులు ఉండేవి. ఆ ఊళ్లో పనిచేసిన ఒక జర్మన్ పోలీసు అధికారిని 1972లో హాంబర్గ్ కోర్టు వదిలేసింది. సాక్షులు ఎంతమంది వచ్చి చెప్పినా, కళ్లతో చూసినవాళ్ల సాక్ష్యం నమ్మదగ్గది కాదని జడ్జి కొట్టేశాడు. మీ క్లాసులో నడిచిన వాదన లాంటిదే. ఆ తీర్పు చూసి బ్రౌనింగ్ ఊరుకోలేకపోయాడు. ఆ క్యాంపుల నుంచి బతికినవాళ్లు వేరువేరు దేశాల్లో, వేరువేరు ఏళ్లలో చెప్పిన 292 సాక్ష్యాలు తీసుకుని పక్కపక్కన పెట్టి చదివాడు. తేదీలు అటూ ఇటూ అయ్యాయి. తర్వాత పుస్తకాల్లో, సినిమాల్లో చూసినవి కొందరి మాటల్లో కలిశాయి. కానీ క్యాంపు ఎలా నడిచింది, ఎవరు కొట్టేవాడు, ఎవరు లంచం తీసుకునేవాడు, ఎవరు కాల్చాడు అనే దగ్గర మాటలు గట్టిగా కలిశాయి. 2010లో పుస్తకం వేశాడు. ఆ క్యాంపుల గురించి జర్మన్ కాగితాలు దాదాపు ఏమీ మిగల్లేదు. సాక్ష్యాలు పనికిరావని వదిలేస్తే ఆ చరిత్రే లేదు.

జ్ఞాపకం అంటే ముసలితనంలో గుర్తుచేసుకునేదనే అనుకోకు. యాంకెల్ వియెర్నిక్ అనే వడ్రంగి 1943లో ట్రెబ్లింకా తిరుగుబాటులో తప్పించుకున్నాడు. ఆయన రాసింది 1944లోనే వార్సాలో రహస్యంగా అచ్చయింది, యుద్ధం ఇంకా నడుస్తుండగా. తర్వాత ఆ క్యాంపు నమూనా తన చేతులతో తయారు చేశాడు. వార్సా ఘెట్టోలో ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లమ్, ఆయన బృందం కలిసి డైరీలు, ఉత్తరాలు, పోస్టర్లు, ఆఖరికి మిఠాయిల కాగితాలు కూడా పోగుచేసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి నేలలో పాతారు. 1946లో కొన్ని, 1950లో కొన్ని దొరికాయి. తర్వాత రాసిన జ్ఞాపకాన్ని అప్పుడే రాసిన ఇలాంటి కాగితంతో పోల్చుకునే వీలుంది.

ఒక్కోసారి రచయిత తప్పేమీ లేకుండానే పుస్తకంలో తేడా వస్తుంది. ష్పిల్‌మన్‌ను శిథిలాల్లో దాచి రొట్టె తెచ్చిపెట్టినవాడు విల్మ్ హోసెన్‌ఫెల్డ్ అనే జర్మన్ అధికారి. 1946 నాటి పోలండ్‌లో మంచి జర్మన్ అని రాయడం కుదరలేదు, ఆస్ట్రియన్ అని మార్చారు. ఏళ్లు గడిచాక హోసెన్‌ఫెల్డ్ సొంత డైరీ, ఉత్తరాలు బయటికొచ్చాయి. ఇద్దరి మాటా కలిసింది.

ఈ విషయంలో అందరికంటే కఠినంగా ఉన్నది ప్రిమో లేవినే. మేం నిజమైన సాక్షులం కాదు, అట్టడుగుకు వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు, మేం వాళ్ల తరఫున చెప్తున్నామంతే అని ఆయన 1986లో రాశాడు. ఇంత జాగ్రత్తగా తన మాటను తానే తూకం వేసుకున్న మనిషి మాట నేను నమ్ముతాను. నువ్వు కూడా పరీక్షించే చదువు. పరీక్షించడం అవమానించడం కాదమ్మా. మీ క్లాసులో మళ్లీ వాదన వస్తే స్టారాఖోవిట్సె పేరు చెప్పు.

*

ప్రశ్న: క్యాంపుల నుంచి బతికి వచ్చినవాళ్లు యుద్ధం అయిపోయిన వెంటనే ఎందుకు రాయలేదు? ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత ఎందుకు?

జవాబు: రాశారు. చదివేవాళ్లు లేకపోయారు. పోలండ్‌లో 1944లోనే యూదు చరిత్రకారులు కమిషన్ పెట్టి ఊరూరా సాక్ష్యాలు రాయించుకున్నారు. అవి వేల సంఖ్యలో ఉన్నాయి. రేడర్ పుస్తకం వేసింది ఆ కమిషనే. లేవి మొదటి పుస్తకాన్ని పెద్ద ప్రచురణ సంస్థ వద్దంది. 1947లో ఒక చిన్న ప్రెస్సు 2,500 కాపీలు వేసింది. అమ్ముడుపోని కాపీలు ఫ్లోరెన్స్‌లో ఒక గోదాములో పడి ఉండి 1966 వరదలో తడిసి పోయాయి. ఆష్విట్జ్ నుంచి బతికి వచ్చిన ఎలీ వీజెల్ ముందుగా రాసింది తన ఇంటి భాష యిడ్డిష్‌లో. అది 1956లో ఎక్కడో బ్యూనస్ ఐరిస్‌లో అచ్చయింది. రెండేళ్లకు ఫ్రెంచిలో కుదించి వేస్తే గానీ బయటివాళ్ల కళ్లబడలేదు.

నిజంగానే ఆలస్యంగా రాసినవాళ్లూ ఉన్నారు. రూత్ క్లూగర్ అరవై ఏళ్లకు రాసింది. వియన్నా అమ్మాయి. 1944లో ఆష్విట్జ్‌లో భాగమైన బిర్కెనౌలో, పనికి పంపడానికి 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లను ఏరుతున్నారు. ఆమెకు 12. ఒకసారి తోసేశారు, రెండోసారి ఇంకో వరసలో నిలబడింది. రాసుకుంటున్న అమ్మాయి కూడా ఖైదీయే. 15 అని చెప్పు అని మెల్లగా అంది. చెప్పింది. పిల్ల మరీ చిన్నగా ఉందే అన్నాడు నాజీల ఎస్.ఎస్. దళం అధికారి. గట్టిపిల్లే, కాళ్లు చూడండి అంది ఆ అమ్మాయి. అంతే, బతికింది. ఆ అమ్మాయి ఎవరో, తనకెందుకు సాయం చేసిందో క్లూగర్‌కు ఎప్పటికీ తెలియలేదు. పన్నెండేళ్లప్పుడు జరిగిన ఆ రెండు నిమిషాలను జీవితమంతా తిప్పి తిప్పి చూసి రాసిన పేజీలవి. వెంటనే రాసి ఉంటే ఇలా వచ్చేవి కావనే నా అభిప్రాయం.

*

ప్రశ్న: మా అమ్మాయికి 13 నిండాయి. ఈ విషయం గురించి అడుగుతోంది. ఏ పుస్తకంతో మొదలుపెట్టించాలి? భయపడుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.
(ఒక తల్లి)

జవాబు: ఆన్ ఫ్రాంక్ డైరీతో మొదలుపెట్టండమ్మా. 1942 జూన్ 12న, తన 13వ పుట్టినరోజున వచ్చిన నోటుబుక్కులో ఆ అమ్మాయి రాయడం మొదలుపెట్టింది. మీ అమ్మాయి వయసే. అందులో వాళ్లమ్మ మీద కోపం ఉంటుంది, చదువు ఉంటుంది, ఒక అబ్బాయి ఉంటాడు. 1944 ఆగస్టు 1తో ఆగిపోతుంది. మూడు రోజులకు పోలీసులు వచ్చారు. ఆ తర్వాత ఏమైందో డైరీలో లేదు కాబట్టి, ఆ ముక్క మీరు పక్కన కూర్చుని చెప్పాలి. వాళ్లు దాక్కున్న ఇంట్లో ఉన్న ఎనిమిది మందిలో తిరిగి వచ్చింది ఆన్ నాన్న ఒక్కడే అని కూడా చెప్పండి. వీజెల్ పుస్తకం మాత్రం ఇంకో మూడు నాలుగేళ్లు ఆపండి.

రెండోది గెర్డా వైస్‌మన్ క్లైన్ ఇవ్వండి. ఆమె పోలండ్‌లోని బీల్‌స్కో అమ్మాయి. గెర్డాకు తోటి ఖైదీ ఇల్సె మంచి స్నేహితురాలు. ఒకరోజు ఇల్సెకు దారిలో ఒక రాస్ప్‌బెర్రీ పండు దొరికింది. రోజంతా జేబులో దాచి, సాయంత్రం ఆకు మీద పెట్టి గెర్డాకు ఇచ్చింది. ఒక్కటే పండు. గెర్డా ఈ సంగతి ముసలితనం దాకా చెప్పుకుంటూనే ఉంది. విడుదలకు కొద్ది రోజుల ముందు ఇల్సె చనిపోయింది.

పుస్తకం ఇచ్చేసి పిల్లను ఒంటరిగా వదలకండి, మీరూ పక్కనే చదవండి. భయం వేస్తే ఆపి, రెండు రోజులాగి మళ్లీ తీయవచ్చు. మొదట్లోనే ఒక చోట మీ అమ్మాయి తప్పకుండా ఆగుతుంది. 1942 జూన్, ఎండగా ఉంది. తీసుకెళ్లే ముందు వాళ్ల నాన్న మంచులో వేసుకునే స్కీ బూట్లు వేసుకోమని గెర్డాను పట్టుబడతాడు. ఈ ఎండలో ఎందుకు నాన్నా అంటుంది. ఆయన వినడు. ఎందుకని మీ అమ్మాయి మిమ్మల్ని అడిగితే వెంటనే చెప్పేయకండి. 1945 జనవరిలో మంచులో ఆ అమ్మాయిలను నడిపించడం మొదలయ్యేదాకా చదవనివ్వండి.